రోజేషియా, విటమిన్ డి, చర్మంలోని కాపలా ప్రోటీన్: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పదకొండేళ్ళుగా నాకు రోజేషియా ఉంది. నా మొహం చూసి మొదలుపెట్టిన ప్రశ్నలు చాలామంది చివరికి తమ మొహం గురించే అడుగుతారు. స్టాఫ్ రూంలో, బస్సులో, విజయనగరంలో మా బంధువుల పెళ్ళిళ్ళలో నన్ను ఎక్కువసార్లు అడిగినవే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందు ఏది, ఎంత, ఎన్నాళ్ళు అనేది చర్మ డాక్టరే చెప్పాలి. ఆ మందు ఎందుకు ఇస్తారో, విటమిన్ డి గురించి ఇన్ని మాటలు ఎందుకు వినిపిస్తున్నాయో మాత్రం నేను చెప్పగలను.

రోజేషియా అంటే ఏమిటి? మొటిమలే కదా?

మొటిమలు కావు. బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం మీద చర్మం మాటిమాటికీ వేడెక్కి ఎర్రబడుతుంది. మొదట్లో కాసేపటికి తగ్గుతుంది, కొన్నాళ్ళు పోయాక ఆ ఎరుపు అక్కడే ఉండిపోతుంది. దాని మీద చిన్న పొక్కులు, చీము పొక్కులు లేస్తాయి. సన్నటి రక్తనాళాలు దారాల్లా కనబడతాయి. కొందరికి ముక్కు చర్మం మందంగా, ఎగుడుదిగుడుగా తయారవుతుంది. మొటిమల్లో ఉండే నల్ల ముల్లు, తెల్ల ముల్లు ఇందులో ఉండవు. డాక్టర్లు ముందుగా వెతికే తేడా అదే. ఎక్కువగా ముప్పై దాటాక మొదలవుతుంది. ఇది అంటువ్యాధి కాదు.

తెల్లవాళ్ళకే వస్తుందంటారు. మన చామనఛాయకు కూడా వస్తుందా?

వస్తుంది. మన రంగులో ఎరుపు బయటపడదు, అంతే. నా విషయంలో అదే జరిగింది. లోపల పొయ్యి రాజేసినట్టు మంట, చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది, అద్దంలో చూస్తే మాత్రం బుగ్గలు కాస్త కమిలినట్టు ఉండేవి. ఎండకు నల్లబడ్డావని ఇంట్లో అందరూ అన్నారు. మంగు అని ఒకరు, మొటిమలని ఒకరు. రెండేళ్ళు అలా పోయాయి. చివరికి ఒక డాక్టరు గారు చిన్న గాజు పలకతో బుగ్గ మీద నొక్కి చూశారు. నొక్కినప్పుడు రంగు వెలిసి, వదలగానే తిరిగి రావడం చూసి అప్పుడు పేరు చెప్పారు.

కాబట్టి చామనఛాయ వాళ్ళు ఎరుపు కోసం వెతకడం కంటే మంట, సెగ, సబ్బు తగిలినా చురుక్కుమనడం, తగ్గని పొక్కులు చూసుకోవాలి.

ఒంట్లో వేడి చేసిందని మజ్జిగ, సబ్జా తాగమంటున్నారు. తగ్గుతుందా?

మజ్జిగ తాగండి, మంచిదే. జబ్బు మాత్రం దానితో పోదు. అయినా "వేడి చేసింది" అనే పెద్దవాళ్ళ మాటను నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. చర్మంలోని నరాల కొసల మీద టి.ఆర్.పి.వి-1 అనే గ్రాహకం ఉంటుంది. నిజమైన వేడికి స్పందించేది అదే, మిరపకాయలోని కాప్సైసిన్‌కు స్పందించేది కూడా అదే. కారం తింటే మొహం వేడెక్కినట్టు అనిపించడం భ్రమ కాదు, నరానికి రెండూ ఒకటే కబురు. రోజేషియా ఉన్నవాళ్ళలో ఈ నరాలు చిన్న కారణానికే ఉలిక్కిపడతాయి, రక్తనాళాలు విప్పారతాయి.

ఇందులో రోగనిరోధక ప్రోటీన్ పాత్ర ఏమిటి?

మన చర్మం సూక్ష్మజీవులను చంపడానికి సొంతంగా కొన్ని చిన్న ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది. వాటిలో ఒకటి కాథెలిసిడిన్. అది పుట్టినప్పుడు పనికిరాని స్థితిలో, పొడవాటి గొలుసుగా ఉంటుంది. దాన్ని ఒక ఎంజైమ్ కత్తిరించాలి. అప్పుడు ఎల్‌ఎల్-37 అనే ముక్క బయటికి వస్తుంది. అందులో 37 అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. బ్యాక్టీరియా పొరకు చిల్లు పెట్టేది ఈ ముక్కే.

పిల్లలకు నేను పలాస జీడిపిక్కతో చెబుతాను. పిక్క పిక్కగా ఉన్నంతసేపూ ఎవరికీ ఏ హానీ లేదు. కత్తెరలో సరిగ్గా పెట్టి కొడితే పప్పు గుండుగా వస్తుంది. వేగం పెంచి అడ్డదిడ్డంగా కొడితే పప్పు ముక్కలవుతుంది, పెంకులోని జీడి రసం చిమ్మి చేతులు కాలుతాయి. జీడి కొట్టే అమ్మల వేళ్ళు చూసినవాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ కత్తెర కల్లిక్రీన్-5 అనే ఎంజైమ్. దాని రోజువారీ పని చర్మం పైపొరలో పాత కణాలు రాలిపోయేలా చూడటం. కాథెలిసిడిన్‌ను కత్తిరించడం కూడా దాని పనే.

రోజేషియాలో ఈ కత్తెర అతిగా పనిచేస్తుంది. అమెరికాలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెన్షి యమసాకి, రిచర్డ్ గాలో, వారి బృందం 2007లో ఇది చూపించారు. రోజేషియా ఉన్నవాళ్ళ మొహం చర్మంలో కాథెలిసిడిన్ ఎక్కువగా ఉంది, కత్తెర ఎంజైమ్ చురుకుదనం కూడా ఎక్కువే. పైగా మామూలు చర్మంలో కనబడని రకం ముక్కలు కనిపించాయి. ఆ ముక్కలను ఎలుకల చర్మంలోకి ఎక్కిస్తే అక్కడ ఎరుపు, వాపు వచ్చాయి. కాథెలిసిడిన్ జన్యువు తీసేసిన ఎలుకల్లో కత్తెర ఎంజైమ్ ఎక్కించినా అంత వాపు రాలేదు. కత్తెర ఒక్కటే కాదు, అది కోసే సరుకు కూడా ఉండాలన్నమాట.

ఈ ముక్కలు సూక్ష్మజీవులను చంపడంతో ఆగవు. తెల్ల రక్తకణాలను పిలుస్తాయి, కొత్త రక్తనాళాలు పెరగమంటాయి, మాస్ట్ కణాలను (అలర్జీలో దురద, వాపు తెచ్చే రక్షక కణాలు) రెచ్చగొడతాయి. ఎరుపు, పొక్కులు, సన్నటి రక్తనాళాలు మూడూ ఒక్క చోట ఎందుకు కనబడతాయో నాకు అర్థమైంది ఇది చదివాకే. అన్నాళ్ళూ నా తిండి వల్ల, నా శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిందనుకుని బాధపడ్డాను. మొహం కడుక్కోనందుకు వచ్చే జబ్బు కాదిది. దయచేసి ఎవరినీ ఆ మాట అనకండి.

ఆ కత్తెరను అంతగా ఎవరు తిప్పుతున్నారు?

చర్మ కణాల మీద టి.ఎల్.ఆర్-2 అనే కాపలాదారు ఉంటుంది. సూక్ష్మజీవి జాడ, గాయం జాడ పసిగట్టి కబురు పెట్టడం దాని పని. రోజేషియా చర్మంలో ఇది మామూలు కంటే ఎక్కువగా ఉంటుందని అదే బృందం 2011లో చెప్పింది. కాపలాదారు ఎక్కువైతే చిన్న శబ్దానికే కేకలు ఎక్కువ, ఆ కేకకు కత్తెర కదులుతుంది. వెంట్రుక కుదుళ్ళలో అందరికీ ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనబడని పురుగు ఈ జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువ సంఖ్యలో కనబడుతుంది. ఎండ, వేడి, టెన్షన్ కూడా వచ్చి చేరతాయి.

మధ్యలో విటమిన్ డి ఎక్కడి నుంచి వచ్చింది?

కాథెలిసిడిన్ జన్యువుకు ఉన్న స్విచ్చుల్లో ఒకటి విటమిన్ డి. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మంలో విటమిన్ డి తయారుచేస్తాయి. దాన్ని ముందు కాలేయం, తర్వాత మూత్రపిండం మార్చి పనిచేసే రూపానికి తెస్తాయని పదో తరగతి నుంచి చదువుతాం. చర్మ కణాలు ఆ పని మొత్తం తమంతట తామే చేసుకోగలవని చాలామందికి తెలియదు. అలా తయారైన విటమిన్ డి కణంలోకి వెళ్ళి కాథెలిసిడిన్ జన్యువును నేరుగా తట్టి లేపుతుంది. గాయమైనప్పుడు చర్మంలో విటమిన్ డి చురుకవుతుంది, దాంతో కాథెలిసిడిన్, టి.ఎల్.ఆర్-2 రెండూ పెరుగుతాయి. ఎలుకల జన్యువులో ఈ విటమిన్ డి స్విచ్చు లేదు. ఎలుకల మీద చేసిన విటమిన్ డి ప్రయోగాలను మనకు అన్వయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ స్విచ్చు మన మేలుకే ఉంది. చర్మ క్షయకు కాంతితో వైద్యం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. క్షయ బ్యాక్టీరియాను మన రక్షక కణాలు చంపడానికి విటమిన్ డి, కాథెలిసిడిన్ ఎలా తోడ్పడతాయో లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. క్షయకు మందులు మాని ఎండలో కూర్చోమని దీని అర్థం కాదు. ఒకే ప్రోటీన్ ఒక చోట రక్ష, మరో చోట మంట అని చెప్పడానికే ఇది రాశాను. సోరియాసిస్‌లో కూడా కాథెలిసిడిన్ చాలా ఎక్కువగా ఉంటుంది. పిల్లలకు వచ్చే అటోపిక్ ఎగ్జిమాలో సోరియాసిస్‌తో పోలిస్తే తక్కువ, ఆ చర్మానికి ఇన్‌ఫెక్షన్లు త్వరగా పట్టడానికి అదొక కారణం.

అయితే విటమిన్ డి ఎక్కువై రోజేషియా వస్తుందా? లేక తక్కువైనందుకా?

రెండూ అనలేం. టర్కీలో 44 మంది రోగులను, 32 మంది ఆరోగ్యవంతులను పోల్చి 2014లో వచ్చిన అధ్యయనంలో రోగుల రక్తంలోనే విటమిన్ డి ఎక్కువగా కనబడింది. ఆ తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాల్లో రోగులకే తక్కువగా ఉంది. రక్తంలో ఉన్నది ఒకటి, ఎండ తగిలిన బుగ్గ చర్మంలో అప్పటికప్పుడు తయారయ్యేది ఒకటి. రక్త పరీక్ష రెండోదాన్ని చూపించదు. పైగా ఎండకు మొహం మండుతుందని నీడలోనే ఉండేవాళ్ళకు రక్తంలో విటమిన్ డి తగ్గిపోవడం సహజం. అక్కడ ఏది కారణం, ఏది ఫలితం?

నా మాట ఒక్కటే: మొహం చూసి విటమిన్ డి మింగకండి, మొహం చూసి మానెయ్యకండి. దాని లెక్క ఎముకలది, కండరాలది. దానికో రక్త పరీక్ష ఉంది, ఆ లెక్క అక్కడే చూసుకోవాలి.

రక్త పరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది. విటమిన్ డి సాచెట్ వేసుకుంటే రోజేషియా పెరుగుతుందేమోనని భయంగా ఉంది.

మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోటు కిందే లెక్క. ఇంత ఎండ ఉన్న జిల్లాలో కూడా లోటు మామూలే. మన చర్మంలోని రంగు ఆ కిరణాలను కొంత ఆపేస్తుంది, ఒళ్ళంతా బట్టలు, పని నాలుగు గోడల మధ్య. లోటు ఉందని డాక్టరు చెబితే వేసుకోండి. నాకూ లోటు వచ్చింది, వేసుకున్నాను, నా మొహంలో తేడా ఏమీ రాలేదు. మీకు తేడా కనబడితే డాక్టరుకు చెప్పండి.

జాగ్రత్త పడాల్సింది మోతాదు దగ్గర. మెడికల్ షాపులో దొరికే 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికి ఒకటి, కొన్ని వారాలు మాత్రమే రాస్తారు. వారానికి ఒకటి అన్నదాన్ని రోజుకొకటి అనుకుని వాడినవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతి తప్పడం, కిడ్నీ దెబ్బతినడం వరకు పోతుంది. చీటీ మీద "వారానికి" అన్న మాట చుట్టూ గీత గీయించుకోండి.

మాది ఉద్దానం, కవిటి దగ్గర. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్న మనిషి ఉన్నారు. నాకు రాసిన సాచెట్లు ఆయనకూ ఇవ్వచ్చా?

ఇవ్వకండి. ఈ ప్రశ్న నన్ను ముగ్గురు అడిగారు, ముగ్గురికీ ఇదే చెప్పాను. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత మందిని పట్టుకుందో మన జిల్లాలో తెలియని ఇల్లు లేదు. విటమిన్ డిని చివరి రూపానికి మార్చేది కిడ్నీయే. అది దెబ్బతింటే ఎముకలు, కాల్షియం, ఫాస్ఫరస్ లెక్కలన్నీ మారిపోతాయి. ఏ రూపంలోని విటమిన్ డి ఇవ్వాలి, అసలు ఇవ్వాలా అనేది కిడ్నీ డాక్టరు రక్త పరీక్షలు చూసి తేల్చాలి. రోజేషియా ఉన్న మీకే కిడ్నీ సమస్య ఉంటే చర్మ డాక్టరుకు మొదటి మాటగా అది చెప్పండి.

అరసవల్లి స్వామికి మొక్కుకున్నాను. ఎండలో నిలబడొద్దంటే ఎలా?

ఆరోగ్యం భాస్కరుడిని అడగాలని పెద్దలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ఎండ మానెయ్యమని నేనెలా చెబుతాను? రథసప్తమికి నేనూ వెళ్తాను. మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాలను తాకేది ఉదయపు లేత కిరణం. పొద్దు అంత కిందుగా ఉన్నప్పుడు అతినీలలోహిత బి కిరణాలు గాలిపొరలోనే చాలావరకు ఆగిపోతాయి. ఆ వెలుగులో సూర్య నమస్కారాలు చేసుకోవచ్చు. మొహానికి కష్టం పది నుంచి మూడు గంటల మధ్య క్యూలో నిలబడినప్పుడు.

విటమిన్ డి తయారయ్యేది కూడా ఆ ఎత్తు ఎండలోనే కదా అని మీరు అడుగుతారు, నిజమే. ఆ ఎండ చేతులకు, కాళ్ళకు, వీపుకు కాసేపు తగలనివ్వండి. విటమిన్ డి తయారవడానికి మొహమే కావాలని లేదు. మొహానికి గొడుగో, అంచు పెద్ద టోపీయో, తెల్లటి తుండుగుడ్డో ఉండాలి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రోజేషియా చర్మానికి తక్కువ మంట పెడుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే విటమిన్ డి రాదు, అద్దం బి కిరణాలను ఆపేస్తుంది. చర్మాన్ని ముదిరేలా చేసే ఎ కిరణాలు మాత్రం అద్దం దాటి వస్తాయి.

మెడికల్ షాపులో ఇచ్చిన క్రీం మూడు రోజుల్లో తగ్గించింది. అదే వాడితే పోలేదా?

ఇది రాసేటప్పుడు నా చెయ్యి ఆగదు. ఒక షాపులో నాకూ అలాంటి ట్యూబే ఇచ్చారు. మూడు రోజుల్లో మొహం తెల్లగా, నున్నగా అయింది. మానితే రెట్టింపు మంట, రాస్తే హాయి. అలా పద్నాలుగు నెలలు రాశాను. చర్మం పల్చబడి రక్తనాళాలు బయటపడ్డాయి, బుగ్గ మీద నూగు వచ్చింది. అందులో ఉన్నది స్టీరాయిడ్. అది వాపును అప్పటికి అణిచేస్తుంది, మరోవైపు టి.ఎల్.ఆర్-2 కాపలాదారును పెంచగలదు. లేని రోజేషియాను తెచ్చేది కూడా ఇదే. మన దేశంలో చర్మ వైద్యులు దీనికి "స్టీరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం" అని విడిగా పేరు పెట్టాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు, తెల్లబడతావని చెప్పి పెళ్ళికూతుళ్ళకు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళు వాడారో దాచకుండా చెప్పండి. మానాక కొన్ని వారాలు మొహం ఘోరంగా ఉంటుంది. నేను ఆ వారాలు కాలేజీకి మాస్కు పెట్టుకుని వెళ్ళాను. అది దాటాక మెరుగైంది.

మరి డాక్టర్లు ఇచ్చే మందులు ఏం చేస్తాయి?

అజెలాయిక్ యాసిడ్ గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే పదార్థమే. అది కత్తెర ఎంజైమ్ కల్లిక్రీన్-5ను తగ్గిస్తుంది. మొదటి రెండు వారాలు చురుక్కుమంటుంది, భయపడకండి. డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్ అయినా, రోజేషియాకు రోజుకు 40 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇచ్చినప్పుడు సూక్ష్మజీవులను చంపడానికి కాదు, ఆ కత్తెరకు పదును పెట్టే వేరే ఎంజైమ్‌లను ఆపడానికి. దాన్ని నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకుండా ఉండాలి. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. గర్భిణులకు ఇవ్వరు. ఐవర్‌మెక్టిన్ క్రీం డెమోడెక్స్ పురుగును తగ్గిస్తుంది, వాపునూ తగ్గిస్తుంది. మెట్రోనిడజోల్ జెల్ పాతది, చవకది, ఇప్పటికీ పనికొస్తుంది. అప్పటికప్పుడు ఎరుపు తగ్గించే బ్రిమోనిడిన్ జెల్ కొందరికి ప్రభావం దిగాక మరింత ఎరుపు తెస్తుంది. ఉండిపోయిన రక్తనాళాలకు లేజర్ తప్ప క్రీములు చాలవు.

ఏదైనా ఆరు నుంచి పన్నెండు వారాలు చూడాలి. పది రోజులకే డాక్టరును మార్చకండి.

తిండిలో ఏం మానాలి? చేపలు తినొచ్చా?

అందరికీ ఒకే జాబితా లేదు. సలసల కాగే టీ, బాగా కారం, మద్యం చాలామందికి పడవు. నేను టీ మానలేదు, చల్లార్చి తాగుతాను. ఆవకాయ తిన్న రోజు, తినని రోజు నెల పాటు రాసుకుని చూసుకున్నాను. నాకు ఆవకాయ కంటే వంటింటి సెగ, ఇన్విజిలేషన్ టెన్షన్ ఎక్కువ పని చేశాయి. చేపలు హాయిగా తినండి. కవ్వళ్ళు, కానాగంతల్లాంటి నూనె చేపల్లో, గుడ్డు పచ్చసొనలో విటమిన్ డి ఉంటుంది. తిండిలో వచ్చే ఆ కాస్తకు రోజేషియా పెరుగుతుందని భయపడక్కర్లేదు.

జీడి బట్టీల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర పనిచేసేవాళ్ళకు "వేడికి దూరంగా ఉండండి" అని చెప్పడం తేలిక. కూలి పోతుందని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. గంటకోసారి తడిగుడ్డ మొహం మీద పెట్టుకోవడం, గాలి వచ్చే వైపు కూర్చోవడం కుదిరితే అదే మేలు. జీడి రసం తగిలి వచ్చే పొక్కులు వేరే సంగతి, రెండూ కలిసి ఉంటే మీరు చేసే పని ఏమిటో డాక్టరుకు చెప్పండి.

కళ్ళు కూడా మండుతున్నాయి. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఉంది, దీన్ని వదిలెయ్యకండి. కంట్లో నలక పడినట్టు ఉండటం, రెప్పల అంచు ఎర్రబడటం, మాటిమాటికీ కురుపు లేవడం రోజేషియా లక్షణాలే. కొందరికి మొహం కంటే ముందు కళ్ళకే వస్తుంది. వెలుతురు చూడలేకపోతున్నా, చూపు మసకబారినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి, నల్లగుడ్డు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పిల్లలకు వస్తుందా?

కుటుంబాల్లో నడిచే గుణం కొంత ఉంది. వచ్చి తీరుతుందని కాదు.

ఎక్కడ చూపించుకోవాలి? వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓ.పి. చూపించుకోవచ్చు. అవసరమైతే విశాఖ కె.జి.హెచ్.కు పంపుతారు. ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. విటమిన్ డి రిపోర్టు, సాచెట్లు ఎన్ని వాడారో ఆ లెక్క కూడా. డాక్టరు ముందు కూర్చునేసరికి చాలామందికి ఎరుపు దిగిపోతుంది, అందుకని మంట ఉన్నప్పుడే ఫోన్లో ఫోటో తీసుకోండి, ఫిల్టర్ లేకుండా, పగటి వెలుతురులో. ఆ రోజు ఎండలో ఎంతసేపు ఉన్నారో, ఏం తిన్నారో, మొహానికి ఏం రాశారో ఫోటోతో పాటు రాసిపెట్టుకోండి.